షార్జా కారు ఎడమ చక్రం

ఆర్మూర్,
20-1-1993

బావకు,

గంగమణి రాస్తున్నది. ఇక్కడ అందరికీ ఒంట్లో బాగానే ఉంది. అత్తకు మోకాలి నొప్పి కొంచెం తగ్గింది. పసుపు తవ్వడం అయిపోయింది, రేపటి నుంచి ఉడకబెట్టాలి.

నీ ఉత్తరం సోమవారం వచ్చింది. ఎప్పటిలాగే నన్ను పొయ్యి దగ్గర నుంచి పిలిచి చదివించారు. అత్తకూ మామకూ చదువు రాదు, నేను అయిదు తరగతులు చదివాను, కాబట్టి మన ఇంట్లో నేనే పండితురాలిని. చివర నువ్వు నాకోసం రాసిన రెండు వరుసలు పైకి చదవలేదు. అత్త "ఇంకేం రాసిండు?" అంది. "గంతే" అన్నాను. ఆమె నీకు తల్లే కాదు, మా బాపుకు అక్క కూడా. చిన్నప్పటి నుంచి నా ముఖం చూస్తున్న మనిషి. నవ్వి ఊరుకుంది.

అయితే నువ్వు రాసిన కారు సంగతి మాలో ఎవరికీ అర్థం కాలేదు. ఎవరో పెద్దమనిషి మీ గ్యారేజీకి అమెరికా కారు తెచ్చాడనీ, దాని స్ప్రింగులు తీసి కొత్తవి వేసి కారును మూడు వేళ్ల మందం కిందికి దించాలనీ, ఆ పని నీకు అప్పజెప్పారనీ రాశావు. మామ మంచం మీద లేచి కూర్చున్నాడు.

"దించుడేంది? మల్ల సదువు."

మళ్లీ చదివాను.

"బండి కిందికొచ్చిందంటే స్ప్రింగు పట్టీ ఇరిగినట్టు. మన మార్కెట్ల లారీలోళ్లు ఇంకో పది సంచులు ఎక్కాలని ఇంకో పట్టీ ఏపిచ్చుకుంటరు. పైసలిచ్చి బండిని దింపిచ్చుకునేటోన్ని నేనైతే సూడలే. వీనితోని ఎవ్వడో మస్కిరి జేస్తుండు."

మర్నాడు మార్కెట్ యార్డుకు పోయి ఆ మాటే పది మందికి చెప్పి వచ్చాడు. సాయంత్రానికి అది మారిపోయింది. ముత్తెన్న కొడుకు షార్జాలో సేఠ్ కారు విరగ్గొట్టాడట అని బావి దగ్గర నన్నే అడిగారు. నేను బిందె ఎత్తుకుని వచ్చేశాను. అసలు సంగతి ఏమిటో అర్థమయ్యేలా రాయి.

నువ్వు సమయానికి తింటున్నావా?

గంగమణి

షార్జా,
6-2-1993

గంగమణీ,

బాపుకు చెప్పు, నేనేమీ విరగ్గొట్టలేదు. ఇది బరువు మోసే బండి కాదు. ముందు మూతి పొడుగు, ఎనిమిది సిలిండర్ల ఇంజను. స్టార్ట్ చేస్తే గ్యారేజీ రేకులు అదురుతాయి. అంత వేగంగా పోయే బండి నేలకు దగ్గరగా ఉంటే మలుపులో ఒరగదు, చూడ్డానికి కూడా పులి పొంచి కూర్చున్నట్టు ఉంటుంది. ఇక్కడి కుర్రకారుకు అదే సోకు. కొత్త స్ప్రింగులు పట్టీలు కావు, చుట్టలు. ఒక్కోదాని కింద మరలు ఉన్న గొట్టం, దాని మీద ఒక రింగు ఉంటుంది. కొక్కెం లాంటి పానా పెట్టి రింగును పైకి తిప్పితే కారు లేస్తుంది, కిందికి తిప్పితే దిగుతుంది. మసాలా దుకాణం ముందు నుంచి నడిచినప్పుడల్లా నాకు నీ పసుపు చేతులు గుర్తొచ్చి అక్కడే నిలబడిపోతున్నాను. పాత స్ప్రింగును తీయడం కష్టం. రెండు కొక్కేలతో నొక్కి కట్టాలి, జారితే తూటాలా వస్తుంది. అందుకే నెమ్మదిగా చేస్తున్నాను.

కారు ఖల్ఫాన్ సాబ్‌ది. మన పసుపు సంచులు రెండు కలిపినా ఆయన బరువు రాదు. కూర్చుంటే సీటు మూలుగుతుంది. కానీ మంచివాడు, వచ్చినప్పుడల్లా మాకు ఖర్జూరాలు తెస్తాడు. ఆయన వస్తే ఏసీ గదిలో కూర్చోబెట్టి చాయ ఇస్తాం.

మా కుట్టి ఫోర్మన్ ఒక మాట చెప్పాడు. ఈ పని సరిగా చేస్తే నేను ఇక హెల్పర్‌ను కాదు, మెకానిక్‌ను. చెడితే మాత్రం అర్బాబ్, అంటే మా గ్యారేజీ యజమాని, టికెట్టు చేతిలో పెట్టి ఇంటికి పంపిస్తాడట. ఏడాదిన్నరగా పానాలు తుడిచి అందిస్తున్నాను గంగమణీ. ఒక్కసారి ఎవరైనా నన్ను మెకానిక్ అని పిలవాలి.

ఫోటో పంపుతున్నాను. ముందు రెండు స్ప్రింగులు వేసి దించాక కారు పక్కన నేను. స్టీరింగు పట్టుకుని ఫోటో దిగమన్నారు కానీ లోపల కూర్చోవడానికి ధైర్యం చాలలేదు.

మీ భూమేశ్వర్

ఆర్మూర్,
21-2-1993

బావా,

నువ్వు చేసిన పని ఏమైనా బాగుందా? నీ వరుసలు ఎప్పుడూ చివర ఉంటాయని నేను ధైర్యంగా గడగడా చదువుకుంటూ పోయాను. రింగు, పానా, కొక్కెం అని చదువుతూ మసాలా దుకాణం కూడా చదివేశాను. చదివాక తెలిసింది. మామ దగ్గుకుంటూ వాకిట్లోకి పోయాడు. అత్త "స్ప్రింగుల నడుమ పసుపు చేతులేందే?" అని కొంగు నోట్లో పెట్టుకుని నవ్వింది. ఆ రోజంతా నేను ఉడకబెట్టే కడాయి దగ్గరే ఉన్నాను, ఇంట్లోకి రాలేదు. ఇంకోసారి అలా రాస్తే నీ ఉత్తరం చదవడానికి కూర్చోను.

ఫోటో అందింది. నువ్వు చిక్కిపోయావు. అత్త ఫోటోను దగ్గరగా పెట్టుకుని చూసి "అయ్యో, చక్రాలు ఇసుకల కూరుకపోయినయ్. ఎవ్వలన్న లేపకపోయిరి" అంది. అది దించిన కారు, అట్లాగే ఉంటుందని చెప్పాను. నమ్మలేదు.

మామ ఆ ఫోటో జేబులో పెట్టుకుని మార్కెట్‌కు పోయాడు. సేఠ్ కారు విరగలేదని అందరికీ చూపించాడట. ఇప్పుడు నువ్వు కారు కొన్నావని చెప్పుకుంటున్నారు. పక్కింటి నీలవ్వ నిన్న వచ్చి "మా పిలగాని పెండ్లి ఊరేగింపుకు జర మీ కారు ఇయ్యిండ్రి. పెట్రోలు మేమే పోసుకుంటం" అంది. కారు షార్జాలో ఉంది కదా పెద్దమ్మా అంటే, "పెండ్లి మే నెలల గదా, అందాక రాదా?" అంది.

పని చెడితే ఇంటికి పంపిస్తారని రాశావు. ఆ వరుస నేను రెండుసార్లు చదివాను. ఇంకేమీ రాయను.

గంగమణి

షార్జా,
10-3-1993

గంగమణీ,

నువ్వు ఆ వరుస రెండుసార్లు చదివావంటే నాకు అర్థమైంది. నా చేతిలో పని చెడుతుందని నీక్కూడా అనిపించింది. నువ్వు అనుకున్నట్టే అయింది.

నాలుగు స్ప్రింగులూ వేశాను. కారును దించి నాలుగు మూలలా టేపు పెట్టాను. చక్రం నడిమధ్య నుంచి పై రేకు అంచు వరకు కొలిస్తే ఎడమకూ కుడికీ నూలు తేడా లేదు. కుట్టి కూడా కొలిచి నా వీపు తట్టాడు. ఖల్ఫాన్ సాబ్ వచ్చి కారు చుట్టూ మూడుసార్లు తిరిగి, ముద్దు పెట్టుకున్నంత పని చేసి తీసుకుపోయాడు. గంటకల్లా వెనక్కి వచ్చాడు. మలుపు తిరిగితే ముందు ఎడమ చక్రం రేకుకు రాసుకుని బర్రుమంటోందట. అసలే ఉపవాసాల నెల, మనిషి ఆకలి మీద ఉన్నాడు. ఆయన అంత గట్టిగా అరవగలడని అప్పటిదాకా మాకు తెలియదు.

మళ్లీ కొలిచాం. అంతా సమంగానే ఉంది. కుట్టి తోలి చూశాడు, ఏ చప్పుడూ లేదు. నేను తోలాను, లేదు. నాలుగుసార్లు విప్పి బిగించాను. ఖాళీ గ్యారేజీలో పెళ్లికూతురిలా ఒద్దికగా నిలబడుతుంది. రోడ్డు మీద ఆయన చేతిలో మాత్రం బర్రుమంటుంది. దీనికి నా మీద ఏదో పగ ఉంది.

పండగ అయ్యాక ఖల్ఫాన్ సాబ్ నెల రోజులు వేరే దేశం పోతున్నాడు. కారు గ్యారేజీలోనే వదిలాడు. ఏప్రిల్ ఇరవై ఆరున వస్తాడు. ఆ రోజు కూడా చక్రం రాసుకుంటే మర్నాడే నా టికెట్టు అని అర్బాబ్ అందరి ముందూ చెప్పాడు. ఊళ్లో నేను కారు కొన్నానని చెప్పుకుంటున్నారు కదా, కారు చెడగొట్టి తిరిగొచ్చాడని చెప్పుకోవడానికి వాళ్లకు ఇంకెంత సేపు పడుతుంది?

నీలవ్వ పెద్దమ్మకు వేరే బండి చూసుకోమని చెప్పు.

భూమేశ్వర్

ఆర్మూర్,
26-3-1993

బావా,

నేను రెండుసార్లు చదివింది నీ మీద నమ్మకం లేక కాదు. ఎందుకు చదివానో ఇప్పుడు చెప్పలేను. నమ్మకం లేక మాత్రం కాదు.

ఒక సంగతి రాస్తాను. తప్పయితే నవ్వుకో, కుట్టి గారికి మాత్రం చెప్పకు. నేను కారు ఎక్కినదాన్ని కూడా కాదు.

వేల్పూర్‌లో మా బాపు పసుపు బండి నీకు గుర్తుంది కదా. సంచులు నింపాక బాపు వెంటనే ఎడ్లను కట్టేవాడు కాదు. తోలే మనిషిని ముందు కూర్చోబెట్టి, కాడిని చేత్తో లేపి చూసేవాడు. బరువుగా ఉంటే సంచులు వెనక్కి జరిపేవాడు, తేలిపోతే ముందుకు జరిపేవాడు. బాపు తోలే రోజు ఒక తీరు, అంజన్న చిన్నాయన తోలే రోజు ఇంకో తీరు. చిన్నాయన లావు కదా, ఆయన ఎక్కే రోజు రెండు సంచులు వెనక్కి పోవాల్సిందే. ఒకసారి చిన్నాయన హోటల్లో చాయ తాగుతుంటే జీతగాళ్లు ఆయన లేకుండానే కాడి సరిచూసి ఎడ్లను కట్టారు. చిన్నాయన వచ్చి ఎక్కాడు. ఆర్మూర్ దారిలో దిగుడు రాగానే ఎడ్లు మోకాళ్ల మీద పడ్డాయి. బాపు వాళ్లను తిట్టిన తిట్లు నాకు ఇంకా గుర్తున్నాయి. "సంచులు తూసిండ్రు, బండి సూసిండ్రు, గీ మనిషి మీకు కనవడలేదారా? గింతున్నడు గదరా!"

మీరు ఆ పెద్దమనిషిని ఏసీ గదిలో కూర్చోబెట్టి చాయ ఇస్తామని రాశావు. ఆయన చాయ తాగుతుంటే మీరు కారును కొలుస్తున్నారు. ఫోటోలో చూశాను, మీ దేశంలో స్టీరింగు ఎడమ పక్క ఉంది. రాసుకునేది కూడా ఎడమ చక్రమే అన్నావు. నువ్వూ సన్నం, కుట్టి గారూ సన్నమేనేమో. కారు ఖాళీగా ఉంటే సమంగానే ఉంటుంది బావా. ఆయనను ఎక్కించి కొలిచి చూడు.

ఇంతకన్నా రాయడం నాకు రాదు.

గంగమణి

షార్జా,
19-4-1993

గంగమణీ,

నీ ఉత్తరం నిన్న అందింది. నిలబడి చదివాను, తర్వాత కూర్చుని చదివాను, తర్వాత పరుగెత్తాను. గ్యారేజీ వెనక ఇసుక బస్తాలు ఉంటే తెచ్చి డ్రైవరు సీట్లో ఒకదాని మీద ఒకటి పెట్టాను. కుట్టి నాకు ఎండదెబ్బ తగిలిందనుకున్నాడు. బస్తాల పక్కన ఎట్లాగో ఇరుక్కుని కారును మెల్లగా ముందుకు పోనిచ్చి స్టీరింగు తిప్పాను.

బర్రుమంది. నా జీవితంలో అంత తీపి చప్పుడు వినలేదు.

కానీ బస్తాలతో పని కాదు. ఆయన కూర్చునే తీరు వేరు, ఒరిగే తీరు వేరు. అసలు కొలత ఆయనతోనే తీసుకోవాలి. సాబ్, మీ బరువుకు కారు కొలవాలి, లోపల కూర్చోండి అని ఎవరు చెప్పాలి? కుట్టి రెండు చేతులూ జోడించి తన వల్ల కాదన్నాడు. ఆయనకు కోపం వస్తే టికెట్టు ఆ సాయంత్రమే. ఇరవై ఆరు ఇంకా వారం ఉంది. నాకు తిండి సయించడం లేదు.

ఇంకో సంగతి. నీ ఉత్తరం మీద తేదీ మార్చి ఇరవై ఆరు. కవరు మీద ఆర్మూర్ ముద్ర ముప్పై ఒకటి. అయిదు రోజులు ఎవరి జేబులో తిరిగింది? ఇంకో వారం ఆలస్యమైతే ఏమయ్యేదో తెలుసా? ఈ కింది ముక్క బాపుకు చదివి వినిపించు.

బాపూ, నువ్వు మార్కెట్‌లో నా ఫోటో తిప్పడానికి తీరిక ఉంది గానీ, కోడలు ఇచ్చిన ఉత్తరం డబ్బాలో వెయ్యడానికి తీరిక లేదా? ఇక్కడ నా బతుకు ఆ ఉత్తరం మీద ఉంది. ఇకముందు ఉత్తరం ఇస్తే ఆ పూటే పోస్టు చెయ్యి.

భూమేశ్వర్

ఆర్మూర్,
2-5-1993

బావా,

నీ ఉత్తరం చదివాను. మామకు రాసిన ముక్క దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. "ఏందే ఆగినవ్? సదువు" అంది అత్త. కళ్లలో నలక పడిందన్నాను. కొంగుతో ఊది, చదువు అంది. చదివాను. ఒక్కో మాటా నా నోటితోనే మామ ముఖాన అన్నట్టు ఉంది.

మామకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. అదే బాధ. తల గోక్కుని, "నేనైతే గా దినమే ఏసిన అనుకుంటున్న. నువ్వు ఎప్పుడిచ్చినవ్ బిడ్డా? ఇరవై ఆరునే ఇచ్చినవా? అయితే నాకు యాదిమరుపు షురువైనట్టే" అన్నాడు. అప్పటి నుంచి మనిషి అదోలా ఉన్నాడు. తువాల కొసకు ముడి వేసుకుని మార్కెట్‌కు పోతున్నాడు. ఎందుకంటే, ఏ పని చెప్పినా గుర్తుండాలని. నిన్న ఇంటికి వచ్చి ఆ ముడి ఎందుకు వేశాడో గుర్తు రాక గంట సేపు కూర్చున్నాడు. అత్త నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

ఇరవై ఆరో తారీఖు అయిపోయి ఇవాళ్టికి ఆరు రోజులు. అక్కడ ఏమైందో అక్కడే ఉంది, మాకు తెలియదు. వాకిట్లో ఆటో ఆగినా నువ్వేనేమో అని చూస్తున్నాను.

గంగమణి

షార్జా,
3-5-1993

నా గంగమణికి,

ముందు ఇది చదువు. నేను మెకానిక్‌ను.

ఇరవై ఆరున ఖల్ఫాన్ సాబ్ వచ్చాడు. ఎప్పటిలా ఏసీ గది తలుపు తీయబోయారు. నేను అడ్డం పోయి, నాకు వచ్చిన హిందీలో, "సాబ్, ఇవాళ చాయ కారులో తాగండి, కొలవాలి" అన్నాను.

"కారునా, నన్నా?" అన్నాడు.

కుట్టి చేతిలో పానా కింద పెట్టేశాడు. అర్బాబ్ నా వైపు ఉరిమి చూశాడు. అబద్ధం చెబుదామనుకున్నాను. మీ చిన్నాయన గుర్తొచ్చాడు. "ఇద్దరినీ సాబ్" అన్నాను.

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. పొట్ట ఊగింది. అట్లా నవ్వుతూనే పోయి కారెక్కితే కారు కూడా ఊగింది. టేపు పెట్టాను. ముందు ఎడమ మూల వేలు మందం దిగి ఉంది. ఆయనను దించి, జాకీ వేసి చక్రం లేపి, రింగు రెండు చుట్లు పైకి తిప్పి, మళ్లీ దించి, స్ప్రింగు సర్దుకోవడానికి కారును ముందుకూ వెనక్కూ తోసి, మళ్లీ ఆయనను ఎక్కించాం. నాలుగుసార్లు. ప్రతిసారీ ఆయన ఎక్కుతూ అరబ్బీలో లెక్క చెప్పాడు, నాలుగోసారి గ్యారేజీ అంతా కలిసి చెప్పింది. కారు ఖాళీగా ఉంటే ఇప్పుడు ఎడమ పక్క కొంచెం ఎత్తుగా ఉంటుంది. ఆయన కూర్చుంటే గీత గీసినట్టు సమం. రోడ్డు మీద ఎనిమిది మలుపులు తిప్పి వచ్చాడు. చప్పుడు లేదు.

ఈ ఉపాయం ఎవరు నేర్పారని అర్బాబ్ అడిగాడు. నా భార్య అన్నాను. ఏ గ్యారేజీలో పని చేస్తుందని అడిగాడు. ఎడ్లబండి దగ్గర నేర్చుకుందని చెప్పాను. నమ్మలేదు గానీ, ఏం కావాలో అడుగు అన్నాడు. రెండు నెలల సెలవు అడిగాను. జూన్ ఆరున బొంబాయిలో దిగుతాను. ఏడో తారీఖుకు ఆర్మూర్ బస్సు దిగుతాను.

బాపు మీద కోపం పోయింది. అయినా పోస్టు సంగతి వచ్చాక అడుగుతాను.

మెకానిక్ భూమేశ్వర్

ఆర్మూర్,
17-5-1993

బావా,

ఇది నువ్వు బయలుదేరేలోపు చేరుతుందని రాస్తున్నాను. నువ్వు వచ్చాక ఎదురుగా నిలబడితే నాకు వారం రోజులు నోరు పెగలదు. నీకు తెలుసు. అందుకే ఇప్పుడే చెప్పేస్తున్నాను.

మామ ఏమీ మర్చిపోలేదు. ఆ ఉత్తరం రాసింది ఇరవై ఆరునే. కానీ ఆయనకు ఇవ్వలేదు. నా పెట్టెలో చీరల కింద పెట్టాను. అది నీకు చేరితే కారు బాగవుతుంది, నువ్వు అక్కడే ఉంటావు. చేరకపోతే నిన్ను పంపించేస్తారు, నువ్వు ఇంటికి వస్తావు. పెళ్లయ్యాక నలభై రోజులే ఉన్నావు బావా. ఇంటికి పంపిస్తారన్న వరుస నేను రెండుసార్లు చదివింది అందుకే. మొదటిసారి భయం వేసింది. రెండోసారి సంతోషం వేసింది.

అయిదు రోజులు పెట్టె మూత తీస్తూ వేస్తూ గడిపాను. ముప్పై ఒకటో తారీఖు పొద్దున మామ మార్కెట్‌కు పోతుంటే వెనక పరుగెత్తి చేతికిచ్చాను. ఆయన ఆ పూటే పోస్టు చేశాడు.

మొన్న మామ తువాలకు మూడో ముడి వేస్తుంటే ఇక చూడలేక, చేట కింద పెట్టి ఆయన ముందే చెప్పేశాను. ఆయన నా వైపు అట్లాగే చూసి, "గట్లనా! ఓసి పిల్లా, నాకు పిచ్చి లేస్తుందని దవాఖానకు పోదామనుకుంటి గదనే!" అని ముడులన్నీ విప్పుకుని, గట్టిగా తువాల దులిపాడు. తర్వాత "రామవ్వా, ఇటు రా, నీ కోడలు ఏం జేసిందో ఇను" అని అత్తను పిలిచాడు. అత్త అంతా వింది. "నేనైతే గా ఉత్తరం పొయ్యిల ఏద్దును" అంది. ఇద్దరికీ నా మీద కోపం లేదు. నీకు ఉందో లేదో తెలియదు.

ఎందుకు ఇచ్చావు మరి అని అడుగుతావేమో. పని చెడి వస్తే నువ్వు తల దించుకుని వస్తావు. ఊళ్లో ఎవరు పలకరించినా కింద చూసి మాట్లాడతావు. ఇంట్లో కూడా అంతే. అప్పుడు నీ ముఖం నాకు సగమే కనిపిస్తుంది. నాకు మొత్తం కావాలి.

రెండు నెలల తర్వాత సంగతి నువ్వు వచ్చాక మాట్లాడదాం. అప్పటికి నాకు నోరు వస్తుంది, చాలా మాట్లాడేది ఉంది.

ఏడో తారీఖు మామతో పాటు నేనూ బస్టాండుకు వస్తాను. నన్ను చూసి అందరి ముందూ ఏమీ అనకు. సంచి మాత్రం నా చేతికి ఇవ్వు.

నీ గంగమణి